చలి ఇంట్లో చంటిబిడ్డ నిద్ర: సందేహాలు – సమాధానాలు

మార్గశిరం వచ్చిందంటే నాకు అందే ఉత్తరాల తీరు మారిపోతుంది. దగ్గు, జలుబు ఎప్పుడూ ఉండేవే. వాటికి తోడు ‘రాత్రిపూట బిడ్డకు చలేస్తోందేమో’ అన్న బెంగ మొదలవుతుంది. ఈసారి ఆ ఒక్క విషయం మీద వచ్చిన ఉత్తరాలనే ఏరి జవాబులు రాస్తున్నాను. సగంమంది బిడ్డ గురించి అడిగారు. మిగతా సగంమంది అమ్మతోనో అత్తగారితోనో వచ్చిన వాదన తీర్చమన్నారు. ఎవరినీ పూర్తిగా గెలిపించలేకపోయానని ముందే మనవి చేసుకుంటున్నాను.

మాది చింతపల్లి దగ్గర పల్లె. రేకుల ఇల్లు. పాపకు 22 రోజులు, పుట్టినప్పుడు 2.6 కిలోలు ఉంది. తెల్లవారుజామున ఇంట్లో కూర్చుంటేనే నోట్లోంచి ఆవిరి వస్తోంది. రాత్రిళ్లు బొగ్గుల కుంపటి మంచం కింద పెట్టుకుని, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి పడుకుంటున్నాం. ఆశా కార్యకర్త కుంపటి వద్దంటోంది. మా అమ్మ మాత్రం నలుగురు బిడ్డల్ని ఇలాగే పెంచానంటోంది. ఎవరి మాట వినాలి?
— ఒక తండ్రి, అల్లూరి సీతారామరాజు జిల్లా

ఆశా మాట వినండి. ఈ రాత్రి నుంచే కుంపటి ఇంట్లో ఉండకూడదు.

గాలి చాలక మండే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కళ్లు మండవు, దగ్గు రాదు. పొగ పోయి ఎర్రగా మిగిలిన నిప్పులు మంచివని మనం అనుకుంటాం, కానీ ఈ వాయువు వాటి నుంచీ వస్తూనే ఉంటుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. దాంతో ఆక్సిజన్‌కు చోటు ఉండదు. నిద్రలో ఉన్నవాళ్లకు ఏదో జరుగుతోందని తెలిసే అవకాశం కూడా ఉండదు. పెద్దవాళ్లు నిమిషానికి 15 సార్లు ఊపిరి తీసుకుంటే, నెల లోపు బిడ్డ 40 సార్లకు పైగా తీసుకుంటుంది. ఒకే గదిలో పడుకున్నా ఈ విషం ముందు ఎక్కేది మీ పాపకే. ఇక మంచం కింద నిప్పు, పైన బొంత ఉంటే ఏం జరగగలదో నేను చెప్పక్కర్లేదు.

మీ అమ్మగారు అబద్ధం చెప్పలేదు. ఆవిడ బిడ్డల్ని పెంచింది గడ్డి కప్పిన ఇంట్లో అయి ఉంటుంది. ఆ కప్పులోంచి, చూరు కింది నుంచి పొగా విషవాయువూ బయటికి పోతాయి. మందంగా కప్పిన గడ్డి చలిని కూడా చాలావరకు ఆపుతుంది. మీది రేకుల ఇల్లు, పైగా సందులు మూసేశారు. అప్పుడు పనికొచ్చిన కుంపటే ఇప్పుడు ప్రాణం తీయగలదు. ఆవిడకు ఈ తేడా చెప్పండి, ‘నీకు తెలీదు’ అని మాత్రం అనకండి.

మరి చలి మాటేమిటి? లంబసింగి, చింతపల్లి వైపు డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత 5 డిగ్రీల లోపుకు కూడా పడిపోతుంది కాబట్టి మీ భయం ఉత్తిది కాదు. ముందు పైకప్పు సంగతి చూడండి. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి రేకులు తమ వేడిని పైకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలి కంటే చల్లగా అయిపోతాయి. కింద పడుకున్న ఒళ్లు ఆ చల్లటి రేకులకు వేడి కోల్పోతూనే ఉంటుంది. పొయ్యికి దూరంగా ఉన్న మూలలో, మంచానికి పైన పాత దుప్పట్లతో మేల్కట్టు కట్టండి. ఊడి మీద పడకుండా నాలుగు మూలలా గట్టిగా బిగించాలి. మంచాన్ని బయటి గోడకు ఆనించకుండా జానెడైనా లోపలికి జరపండి. తలుపు సందులోంచి గాలి నేరుగా పాప మీదికి కొట్టకుండా అడ్డం పెట్టండి గానీ ఇల్లంతా మూసేయకండి. నులక మంచమైతే చలి కింది నుంచీ వస్తుంది. మెత్తటి పరుపు వేసే బదులు, బొంతను మడతలు లేకుండా పరిచి దాని మీద దుప్పటి బిగుతుగా వేయండి. ఆ బొంతను, పాప బట్టల్ని మధ్యాహ్నం ఎండలో వేసి, ఎండ వాలకముందే లోపలికి తెచ్చుకోవాలి.

పాపకు వెచ్చదనం ఇచ్చే అసలు వనరు తల్లి ఒళ్లు, తల్లి పాలు. మనకు చలేస్తే వణుకుతాం, ఆ వణుకు వల్లే వేడి పుడుతుంది. ఈ వయసు బిడ్డలకు అలా వణికే శక్తి లేదు. మెడ చుట్టూ, భుజాల మధ్య, మూత్రపిండాల దగ్గర ఉండే గోధుమరంగు కొవ్వును కరిగించి వేడి పుట్టించుకుంటారు. ఆ పనిలో రక్తంలోని చక్కెర, ఆక్సిజన్ ఖర్చవుతాయి. చక్కెర తగ్గితే బిడ్డ మగతగా ఉండి పాలు తాగదు. తాగకపోతే ఇంకా చల్లబడుతుంది. అందుకే చలి రాత్రుల్లో ‘నిద్రపోతోంది కదా’ అని వదిలేయకుండా 2, 3 గంటలకోసారి లేపి పాలివ్వాలి. తడి గుడ్డ వెంటనే మార్చాలి. ఎన్ని స్వెట్టర్లు వేసినా నడుము కింద తడి ఉంటే లాభం లేదు.

మా బాబుకు మూడు నెలలు. ఉట్నూరు దగ్గర ఉంటం. మా అత్తమ్మ రాత్రి రెండు స్వెట్టర్లు, మంకీ క్యాప్, సాక్సులు వేసి పైన రగ్గు కప్పుతది. పొద్దున చూస్తే మెడ వెనక చెమట ఉంటది, కాళ్లు మాత్రం సల్లగనే ఉంటయి. పాదాలు పట్టి చూడాలని నర్సమ్మ చెప్పింది. ఆదిలాబాద్‌ల డాక్టరేమో పొట్ట చూస్తే చాలన్నడు. ఎవరిది నిజం?
— ఒక తల్లి, ఆదిలాబాద్ జిల్లా

ఇద్దరిదీ నిజమే, బిడ్డ వయసును బట్టి. నెల లోపు పిల్లలకు, అందులోనూ బరువు తక్కువ పిల్లలకు, పాదమే తొలి హెచ్చరిక. చలి తగలగానే శరీరం చేతులకు, కాళ్లకు రక్తం తగ్గించి గుండె, మెదడు వైపు పంపుతుంది. అందుకే మన దగ్గర నర్సులకు, ఆశాలకు ఒక పద్ధతి నేర్పుతారు. చేతి వెనుక భాగంతో బిడ్డ పొట్టను, పాదాన్ని తాకి చూడాలి. రెండూ వెచ్చగా ఉండి పాదం గులాబీ రంగులో ఉంటే బిడ్డ హాయిగా ఉన్నట్టు. పొట్ట వెచ్చగా, పాదం చల్లగా ఉంటే చలి పట్టడం మొదలైనట్టు. రెండూ చల్లబడితే అది ప్రమాదం. మూడు నెలలు నిండి, బాగా పాలు తాగుతూ బొద్దుగా ఉన్న పిల్లాడికి చేతులు, కాళ్లు కాస్త చల్లగా ఉండటం మామూలే. మీ బాబు విషయంలో ఛాతీ, మెడ వెనక భాగం చూడండి.

అలా చూస్తే చెమట ఉందని మీరే రాశారు. అంటే మీ బాబుకు చలి లేదు, ఉక్కపోస్తోంది. చెమటకు బట్టలు తడిసి, తెల్లవారుజామున అదే తడి మళ్లీ చలి పుట్టిస్తుంది. ‘ఇన్ని వేసినా సల్లగనే ఉన్నడు’ అని అత్తమ్మ ఇంకొకటి వేస్తుంది. లెక్క చాలా తేలిక: అదే గదిలో మీకు హాయిగా ఉండటానికి ఎన్ని వరసల బట్ట కావాలో, బిడ్డకు దానికంటే ఒకటి ఎక్కువ. అంతకు మించితే అతి. రెండు మడతలు వేసిన శాలువా రెండు వరసల కింద లెక్క. లోపల ఒంటికి తగిలేది నూలు బట్టే ఉండాలి, ఉన్ని దాని మీద.

నిద్రలో మంకీ క్యాప్ వద్దు. ఒళ్లంతా కప్పిన బిడ్డకు అదనపు వేడి పోయే దారి తల, ముఖమే. ఆ దారి కూడా మూసేస్తే ఎలా? పైగా అది పక్కకు తిరిగిందంటే ముక్కుకు అడ్డం పడుతుంది. ఈ టోపీ దగ్గర ఒక చిక్కుంది. ఇంట్లో పడుకున్న పిల్లలకు టోపీ వద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో చెప్పింది. అక్కడి ఇళ్లు వెచ్చగా ఉంటాయి, వాళ్ల మాట ఆ ఇళ్లకు సరిగ్గా సరిపోతుంది. ఆదిలాబాద్‌లో జనవరి రాత్రి ఇంట్లో 10 డిగ్రీలున్న చోట, తొలి వారాల బిడ్డకు, బరువు తక్కువ బిడ్డకు నేను టోపీ వేయమనే చెబుతాను. పుట్టిన బిడ్డ ఒంట్లో దాదాపు ఐదో వంతు తలే కాబట్టి దాన్నుంచి పోయే వేడి తక్కువేం కాదు. ఆ టోపీ మెత్తటి నూలుది, తాళ్లు లేనిది, కనుబొమల కిందికి జారనిది అయి ఉండాలి. మీ మూడు నెలల బాబుకు మాత్రం దాని అవసరం తీరిపోయింది.

ఇక ఆ రగ్గు. మూడు నెలల పిల్లవాడు కాళ్లతో తన్నగలడు, చేత్తో లాగగలడు, ముఖం మీద పడినదాన్ని తీసేసుకోలేడు. కాబట్టి నా మాట ఇదీ: కప్పకండి, తొడగండి. కావలసిన వెచ్చదనమంతా ఒంటికి తొడిగిన బట్టల్లోనే ఉండాలి. బిడ్డ మీద వదులుగా కదిలేది ఏదీ ఉండకూడదు. అత్తమ్మకు రగ్గు లేకుండా మనసు ఊరుకోకపోతే, ఒక పని చేయండి. బాబు పాదాలు పడక చివరికి ఆనేలా కిందికి పడుకోబెట్టి, పల్చటి దుప్పటి ఒక్కటే ఛాతీ వరకు కప్పి, మిగిలిన మూడు వైపులా పరుపు కిందికి గట్టిగా దోపేయమనండి. చేతులు దుప్పటి బయటే ఉండాలి.

మేం లీడ్స్‌లో ఉంటున్నాం. పాపకు నాలుగు నెలలు. గ్యాస్ బిల్లు భయంతో రాత్రిపూట హీటింగ్ ఆపేస్తున్నాం, తెల్లవారేసరికి గదిలో 14, 15 డిగ్రీలుంటుంది. పాపను స్లీపింగ్ బ్యాగ్‌లో వేసి, కాట్‌లో ఒంటరిగా, వెల్లకిలా పడుకోబెట్టమంటుంది ఇక్కడ ఇంటికొచ్చి బిడ్డను చూసే నర్సు, హెల్త్ విజిటర్. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ ఆ సంచి చూసి ‘బిడ్డకు దుప్పటి కూడా ఇవ్వరా’ అని ఏడ్చినంత పనిచేసింది. తన పక్కలో పడుకోబెట్టుకుంటానంటోంది. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, ఇంగ్లండు

మీ అమ్మగారి బాధ నాకు అర్థమవుతోంది. మన దృష్టిలో కప్పడమంటే ప్రేమ. ఆ దేశం కూడా ఒకప్పుడు పిల్లల్ని అలాగే కప్పేది. మందపాటి దుప్పట్లు, బోర్లా నిద్ర ఉన్న రోజుల్లో, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు నిద్రలోనే చనిపోవడం బ్రిటన్‌లో చాలా ఎక్కువగా ఉండేది. విచిత్రమేమిటంటే ఆ మరణాలు చలికాలంలోనే పెరిగేవి. కారణాలు వెదికితే బోర్లా పడుకోబెట్టడం, అతిగా కప్పడం, దుప్పటి తల మీదికి రావడం, ఇంట్లో పొగతాగడం పదేపదే కనిపించాయి. వెల్లకిలా పడుకోబెట్టండంటూ 1991లో బ్రిటన్‌లో, 1994లో అమెరికాలో ప్రచారం జరిగింది. ఆ మరణాలు సగానికి పైగా తగ్గాయి. హెల్త్ విజిటర్ పట్టుదల వెనక ఇంత కథ ఉంది.

పసిపిల్లల సురక్షిత నిద్ర కోసం అక్కడ పనిచేసే లల్లబై ట్రస్ట్ అనే సంస్థ, పిల్లల గది 16 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలంటుంది. మీ గది దానికి కాస్త కిందికి పోతోంది. స్లీపింగ్ బ్యాగ్ మీద ‘టాగ్’ అని ఒక అంకె ఉంటుంది, గుడ్డ ఎంత వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుందో చెప్పే కొలత అది. 16 నుంచి 20 డిగ్రీలకు 2.5 టాగ్ సంచి, లోపల పొడుగు చేతుల బనీను, దాని మీద కాళ్లు మూసి ఉండే బేబీగ్రో సరిపోతాయి. 16 కంటే తగ్గే గదికి 3.5 టాగ్‌వి దొరుకుతాయి. అది కొనకపోయినా 2.5తోనే లోపల ఇంకో పల్చటి వరస వేయవచ్చు. కొత్త సంచి కొనడం కంటే, హీటింగ్ పూర్తిగా ఆపకుండా థర్మోస్టాట్‌ను 16 దగ్గర పెట్టడం మంచిదని నా సలహా. మొత్తం ఇంటికి కుదరకపోతే మీరంతా పడుకునే ఒక్క గదికైనా చాలు. అందరూ అదే గదిలో పడుకోండి. ఆరు నెలల వరకు పాప మీ గదిలోనే ఉండాలని అక్కడి వైద్యులూ చెబుతారు కాబట్టి, ఖర్చు తగ్గించే దారి, వైద్యులు చెప్పే దారి ఇక్కడ ఒకటయ్యాయి.

సంచి కొనేటప్పుడు పాప బరువుకు తగినదే చూసుకోండి, ‘పెరుగుతుంది కదా’ అని పెద్దది కొనకండి. మెడ దగ్గర వదులుగా ఉంటే పాప లోపలికి జారిపోతుంది. టోపీ కుట్టినది వద్దు. సంచి వేసిన తరవాత పైన దుప్పటి కూడా వద్దు. పాపను గుడ్డలో బిగించి చుట్టే అలవాటుంటే, నాలుగు నెలలొచ్చాయి కాబట్టి ఇక మానేయండి. దొర్లబోయే వయసు ఇది.

అమ్మ పక్కలోనా? పెద్దవాళ్ల మెత్తటి పరుపు, రజాయి, దిండ్ల మధ్య పాప వద్దు. సోఫాలో ఒళ్లో వేసుకుని కునుకు తీయడం మరీ ప్రమాదం. కాట్‌ను అమ్మ మంచానికి ఆనించి పెట్టండి. చెయ్యి చాస్తే పాప తగలాలి. అమ్మమ్మకు కావలసింది చాలావరకు అదే.

ఈ సంచి తెల్లవాళ్ల వింత అనుకోవద్దని కూడా ఆవిడకు చెప్పండి. ప్రాణహిత అవతలి ఒడ్డున, మన ఆసిఫాబాద్ పొరుగున గడ్చిరోలి జిల్లా ఉంది. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే వైద్య దంపతులు పల్లెటూరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఇళ్లలో నవజాత శిశువులను కాపాడే పని చేశారు. బరువు తక్కువ బిడ్డలకు వాళ్లు వాడిన సరంజామాలో వెచ్చటి నిద్రసంచి కూడా ఉంది. ఆ ఊళ్లలో నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చింది. మొత్తం పనికి వచ్చిన ఫలితం అది, సంచి ఒక్కదానిదే కాదు. బొంతలు కుట్టే చెయ్యి ఇంట్లో ఉంటే ఇలాంటి సంచి మన ఊళ్లోనూ కుట్టించుకోవచ్చు. రెండు వరసల మెత్తటి నూలు గుడ్డ, చేతులు లేకుండా, చంక దగ్గర, మెడ దగ్గర ఒంటికి సరిపోయేలా, కింద కాళ్లు కప్పలా ఆడించేంత వెడల్పుగా ఉండాలి. కట్టుకునే తాళ్లు పెట్టించవద్దు.

నెలలు నిండకుండా పుట్టిన మా బాబును 1.75 కిలోలప్పుడు ఇంటికి పంపారు. మదనపల్లెలో ఈ నెలంతా చలి. తల్లి గుండె మీద వేసుకోమని చెప్పారు గానీ రోజంతా ఎలా? రాత్రి నిద్రపోతే జారిపోడా? నేను వేసుకోవచ్చా?
— ఒక తండ్రి, అన్నమయ్య జిల్లా

తప్పకుండా మీరూ వేసుకోవచ్చు. అమ్మమ్మ, నాయనమ్మ కూడా వేసుకోవచ్చు. వేసుకునేవాళ్లు ఆరోగ్యంగా, శుభ్రంగా ఉండి, పొగతాగకుండా ఉంటే చాలు.

1978లో కొలంబియా దేశపు బొగొటా నగరంలో ఎడ్గార్ రే సనాబ్రియా అనే వైద్యుడు మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఆసుపత్రి కిక్కిరిసిపోయి, ఇంక్యుబేటర్లు చాలక, బిడ్డల్ని తల్లుల ఛాతీకి కట్టి పెంచమన్నారు. లేమిలో పుట్టిన ఆ ఉపాయం గొప్ప వైద్యమని తరవాత తేలింది. పుట్టిన వెంటనే ఈ పద్ధతి మొదలుపెడితే బరువు తక్కువ పిల్లల మరణాలు పావు వంతు తగ్గుతాయని 2021లో వెలువడిన అధ్యయనం చూపింది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా అందులో ఉంది. రోజుకు 8 నుంచి 24 గంటలు, ఎంత ఎక్కువ వీలైతే అంత, అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది.

బాబుకు లంగోటా లేదా డైపర్, టోపీ, సాక్సులు మాత్రమే ఉంచండి. మీ ఒంటి మీద చొక్కా ఉండకూడదు. బాబును నిలువుగా ఛాతీకి ఆనించి, కాళ్లు కప్పలా ముడిచి, తలను ఒక పక్కకు తిప్పి, గడ్డం ఛాతీకి అంటకుండా కాస్త ఎత్తండి. మెత్తటి పంచెనో చీరనో చెవి కింది వరకు వచ్చేలా చుట్టి కట్టండి. దాని మీద మీరు స్వెట్టరో శాలువానో వేసుకోండి. ముక్కు, నోరు ఎప్పుడూ మీ కంటికి కనిపించాలి. రాత్రి పూర్తిగా వెల్లకిలా పడుకోకుండా, వీపు వెనక దిండ్లు పెట్టుకుని వాలి కూర్చున్నట్టుగా పడుకోండి. కట్టు సరిగా ఉంటే జారడు. బాగా అలసిపోయి, కన్ను తెరవలేని స్థితిలో ఉంటే మరొకరికి అందించండి. మత్తునిచ్చే మాత్రలో, మద్యమో, అలాంటిదేదైనా పుచ్చుకున్న రాత్రి మాత్రం వేసుకోవద్దు. బరువు 2.5 కిలోలకు చేరాక బాబే విదిలించుకుంటూ ‘ఇక చాల్లే’ అని మీకు తెలియజేస్తాడు.

చీర ఉయ్యాలలో వేస్తేనే మా మనవరాలు నిద్రపోతుంది. రాత్రంతా ఉంచేయొచ్చా?
— పార్వతీపురం

వద్దమ్మా. పల్చటి చీర కింద గాలి ఆడుతుంది కాబట్టి నేల మీద పరుపు కంటే ఉయ్యాలలో వీపుకు చలి ఎక్కువ. ఆ చలికి లోపల రెండు దుప్పట్లు వేస్తే, వంగిన చీరలో అవి ముఖం మీదికి మూసుకుంటాయి. చిన్నపిల్ల గడ్డం ఛాతీకి ఆని ఊపిరికీ ఇబ్బందే. పగలు మీరు ఎదురుగా కూర్చుని ఊపినంతసేపు ఉంచండి. కళ్లు మూతపడ్డాక తీసి పక్క మీద వెల్లకిలా వేయండి. లేస్తే మళ్లీ జోకొట్టండి, మరో దారి లేదు.

శీతాకాలంలో రోజూ నూనె పెట్టి, తలంటి, సాంబ్రాణి వేసి పడుకోబెడితే బిడ్డ వెచ్చగా నిద్రపోతాడని మేము పాటిస్తున్నాం. నా కోడలు ఒప్పుకోదు. బాబుకు నెలన్నర.
— ఒక నాయనమ్మ, కరీంనగర్

మూడింటినీ విడదీసి చూద్దాం పెద్దమ్మా. నూనె మర్దన మంచిదే. కొబ్బరినూనెనో నువ్వులనూనెనో గోరువెచ్చగా చేసి, తలుపు మూసిన గదిలో, ఎండ వచ్చాక రాయండి. ముక్కులో, చెవిలో చుక్క కూడా వేయకూడదు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి నిమోనియా తేగలదు.

స్నానం రోజూ అక్కర్లేదు. బాగా చలి ఉన్న రోజుల్లో వారానికి రెండు, మూడు సార్లు చాలు. మిగతా రోజుల్లో మెడ మడతలు, చంకలు, తొడలు గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడవండి. ఒంటి మీది నీళ్లు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతాయి. బిడ్డ అతి త్వరగా చల్లబడేది స్నానం తరవాత తుడిచే ఆ నాలుగు నిమిషాల్లోనే. అందుకే పుట్టిన బిడ్డకు కనీసం 24 గంటల వరకు స్నానం చేయించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తువ్వాలు, బట్టలు ముందే దగ్గర పెట్టుకుని, ముందు తల తుడిచి, తరవాత ఒళ్లు తుడవండి.

సాంబ్రాణి విషయంలో నేను మీ కోడలి పక్షం. మూసిన గదిలో పొగ, దాని కింద నిప్పులు. పైన చింతపల్లి తండ్రికి చెప్పిందే మీకూ వర్తిస్తుంది. జుట్టు ఆరడానికి పొడి తువ్వాలు చాలు. ఇంట్లో సువాసన కావాలంటే బాబు లేని గదిలో వేసి, పొగ పోయాక తీసుకెళ్లండి.

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. రూమ్ హీటర్ కొనాలా? వేడినీళ్ల సంచి పక్కలో పెట్టొచ్చా? జలుబు చేయకుండా చుక్క బ్రాందీ రాయమని ఒకరు, తాగించమని ఒకరు చెబుతున్నారు.

హైదరాబాద్ చలికి హీటర్ లేకుండానే గడుస్తుంది. గది మరీ చల్లగా ఉండి కొన్నా, నూనె నింపిన రేడియేటర్ రకం తీసుకోండి. బిడ్డ పడకకు, పరదాలకు కనీసం మీటరు దూరంలో పెట్టండి. పడుకునే ముందు అరగంట వేసి గది వెచ్చబడ్డాక తగ్గించడం మేలు. వేడిగాలి నేరుగా బిడ్డ మీదికి రాకూడదు. వేడినీళ్ల సంచితో పక్కను ముందుగా వెచ్చబరచుకోవచ్చు. బిడ్డను వేయడానికి ముందే దాన్ని తీసేయాలి, ఎందుకంటే పసి చర్మం మన చేతికి హాయిగా అనిపించే వేడికీ కాలుతుంది. విద్యుత్ దుప్పటి పిల్లలకు అసలు వద్దు.

బ్రాందీ రాయనూ వద్దు, తాగించనూ వద్దు. మద్యం చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేసి ఒంట్లోని వేడిని బయటికి పంపుతుంది, రక్తంలో చక్కెరను పడగొడుతుంది. వెచ్చగా అనిపించడం ఒక భ్రమ. చుక్కే కదా అనుకోవద్దు, నాలుగు కిలోల ఒంటికి అది చుక్క కాదు.

ఏది మామూలు చలి, ఏది ఆసుపత్రికి పరుగెత్తాల్సినది? మాకు ఎలా తెలుస్తుంది?
— పలువురు

చంకలో థర్మామీటరు పెట్టి చూస్తే బిడ్డకు 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. 36.5 కంటే కాస్త తగ్గితే వెంటనే తడి బట్టలు తీసేసి, తల్లి ఛాతీకి ఆనించి, ఇద్దరికీ కలిపి పైన దుప్పటి వేసి, పాలివ్వండి. గంటలో మళ్లీ చూడండి. పెరగకపోతే ఆసుపత్రికి బయలుదేరండి. 35.5 కంటే తక్కువ ఉంటే ఆ గంట కూడా ఆగకండి. రెండు నెలల లోపు బిడ్డ ఒళ్లు చల్లబడటం ఒక్కోసారి చలి వల్ల కాదు. రక్తంలో ఇన్‌ఫెక్షన్ పాకినప్పుడు పెద్దవాళ్లకు జ్వరం వస్తుంది, పసిబిడ్డ మాత్రం చల్లబడిపోవచ్చు. పాలు తాగకపోవడం, ఏడుపు సన్నగిల్లడం, లేపినా మగతగా ఉండటం, ఊపిరి నిమిషానికి 60 లేదా అంతకు మించడం, పక్కటెముకల కింద లోపలికి గుంతలు పడటం, పెదవులు నీలంగా మారడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి. దారిలో కూడా బిడ్డ తల్లి ఛాతీ మీదే ఉండాలి. కారులో హీటర్ ఉన్నా సరే.

ఒకటి గమనించండి. ఇంట్లో కుంపటి ఉండి, బిడ్డ మగతగా ఉంటూ, పెద్దవాళ్లకూ తలనొప్పి, వాంతులు ఉంటే అది చలి కాదు. ముందు అందరూ బయటి గాలిలోకి రండి, తరవాతే ఫోను.

థర్మామీటరు లేదని చాలామంది రాశారు. ఆసుపత్రిలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఆశా కార్యకర్త మీ ఇంటికి రావాలి. ఇంట్లో కాన్పు అయితే మొదటి రోజు కూడా రావాలి. బిడ్డ ఉష్ణోగ్రత, బరువు చూడటం ఆమె పని, వాటికి కావలసినవి ఆమె సంచిలో ఉంటాయి. రాకపోతే కబురు పంపండి. వచ్చినప్పుడు బిడ్డను చూపించడమే కాకుండా, రాత్రి బిడ్డ ఎక్కడ పడుకుంటుందో ఆ చోటు కూడా చూపించండి.